ప్రవాసంలో ఉన్న డిజిటల్ హక్కుల కార్యకర్త నేపథ్యాన్ని ఎలా చదవాలి?

మిగిలిన పాఠకులకు కూడా తెలియాలి కాబట్టి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తాను. మీరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదువుతున్నారు. ఉత్తర ఆఫ్రికా దేశమైన ట్యునీషియాలో ఇంటర్నెట్ సెన్సార్‌షిప్‌ను ఎదిరించిన ప్రవాసి సమీ బెన్ గర్బియా నేపథ్యం మీద సెమినార్ పత్రం రాయాలి. మీ సందేహాలు మూడు. ఆయన కంప్యూటర్ ఇంజనీరా? నెదర్లాండ్స్‌లో కూర్చుని సొంత దేశ ప్రభుత్వాన్ని విమర్శించడంలో గొప్పతనం ఏముంది? ఇలాంటివారి వెనుక విదేశీ డబ్బు ఉంటుందని మీ తరగతిలో ఒకరు అన్నారు, దానికి ఏం జవాబు చెప్పాలి?

నేను విశాఖలో చాలా ఏళ్లు నెట్‌వర్క్‌ల నిర్వహణలో పనిచేశాను. ఇప్పుడు విలేకరులకు, న్యాయవాదులకు తమ ఫోన్లను, ఫైళ్లను, తమకు సమాచారం ఇచ్చేవారి పేర్లను ఎలా కాపాడుకోవాలో నేర్పుతున్నాను. ఒక దేశం మొత్తం ఇంటర్నెట్‌ను ఒకే చోట నుంచి ఎలా బిగించగలిగారన్న వృత్తిపరమైన కుతూహలంతో ట్యునీషియా గురించి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఆ యంత్రం కన్నా దాన్ని తప్పించుకున్న మనుషులే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నారు.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. ప్రవాసంలో ఉన్న కార్యకర్త నేపథ్యం రాసేటప్పుడు ఆయన ఏ డిగ్రీ చదివాడు, ఎంత ధైర్యవంతుడు అని వెతకడం వల్ల పెద్దగా ఏమీ దొరకదు. దేశం లోపల ఉన్నవారి మాటను ఆయన ఎలా బయటికి చేర్చాడు, ఆ పనిలో ఎవరికి జవాబుదారీగా నిలిచాడు అన్నవి చూడాలి. కింద రాసేదంతా ఈ రెండింటి గురించే.

ముందు ఆ దేశంలో సెన్సార్ ఎలా పనిచేసిందో తెలియాలి. ట్యునీషియాలో ఇంటర్నెట్ సేవలు అమ్మే కంపెనీలు చాలానే ఉండేవి. కానీ అవన్నీ 1996లో ఏర్పాటైన ట్యునీషియా ఇంటర్నెట్ ఏజెన్సీ గుండానే బయటి ప్రపంచంతో కలవాలి. దేశానికంతటికీ ఒకటే ద్వారం. ఆ ద్వారం దగ్గర స్మార్ట్‌ఫిల్టర్ అనే అమెరికన్ సాఫ్ట్‌వేర్‌ను కాపలా పెట్టారు. అన్నిటికన్నా దుర్మార్గమైన అంశం ఇంకొకటి ఉంది. నిషేధించిన పేజీని తెరిస్తే దాన్ని నిషేధించారని ఎక్కడా కనిపించదు. 404 అని, అంటే అసలు అలాంటి పేజీయే లేదని సందేశం వస్తుంది. ప్రభుత్వం అడ్డుకుందని నిరూపించడానికి పౌరుడి చేతిలో ఏ ఆధారమూ మిగలదు. జనం ఆ కనిపించని అధికారికి ‘అమ్మార్ 404’ అని ఒక పేరు పెట్టుకున్నారు.

మన దేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ ద్వారాలు అనేకం. ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద ఫలానా సైటును అడ్డుకోమని కేంద్రం ఆదేశం ఇస్తే ఒక్కొక్క ఇంటర్నెట్ సంస్థ తనకు తోచిన పద్ధతిలో దాన్ని అమలు చేస్తుంది. ఒక కనెక్షన్‌లో తెరుచుకునే సైటు ఇంకొక కనెక్షన్‌లో తెరుచుకోకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. అయితే ఆ ఆదేశాలను గోప్యంగా ఉంచాలని 2009 నాటి నిబంధనలే చెబుతున్నాయి. అంటే ఆధారం దొరకని బాధ మనకూ కొంత ఉంది. విశాఖలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతామని, దానితోపాటు సముద్రగర్భ కేబుళ్లను మన తీరానికి తెస్తామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించినప్పుడు ఊళ్లో అందరూ ఉద్యోగాల గురించి, భూముల ధరల గురించి మాట్లాడుకున్నారు. నాకు మాత్రం ట్యునీషియాలోని ఆ ఒక్క ద్వారం గుర్తుకు వచ్చింది. మన దేశానికి వచ్చే కేబుళ్లు ఎక్కువగా ముంబయి, చెన్నైలలోనే ఒడ్డుకు చేరుతున్నాయి. ఇంకో తీరంలో ఇంకో ద్వారం తెరుచుకోవడం ఎప్పటికైనా మంచిదే.

సరే, మనుషుల విషయానికి వద్దాం. సమీ బెన్ గర్బియా కన్నా ముందు జుహైర్ యహ్యావీ గురించి చదవండి. ఆయన లేకుండా ఈ కథ అర్థం కాదు. యహ్యావీ ట్యునీషియాలోనే ఉంటూ ఇంకో పేరుతో ఒక వెబ్ పత్రిక నడిపాడు. మన దేశం గణతంత్రమా, రాజ్యమా, జంతు ప్రదర్శనశాలా, జైలా అని పాఠకుల ఓటు అడిగాడు. 2002 జూన్‌లో పోలీసులు ఆయనను ఒక ఇంటర్నెట్ కేంద్రంలో పట్టుకున్నారు. తప్పుడు వార్తలు ప్రచారం చేశాడన్నది ప్రధాన నేరారోపణ. జైలులో నిరాహార దీక్షలు చేశాడు. 2003 నవంబరులో విడుదలయ్యాడు. 2005 మార్చి 13న గుండెపోటుతో చనిపోయాడు. అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు. విప్లవం తర్వాత ట్యునీషియాలో మార్చి 13ను ఇంటర్నెట్ స్వేచ్ఛా దినంగా ప్రకటించారు.

లోపల ఉండి మాట్లాడితే ఏమవుతుందో అప్పటి ట్యునీషియన్లందరికీ ఆయన జీవితం చూపించింది. బయట ఉన్నవారు ఏం చేయాలో నిర్ణయించుకున్నది కూడా ఆ వెలుగులోనే.

సమీ బెన్ గర్బియా 1998లో దేశం వదిలి వెళ్లవలసి వచ్చింది. చివరికి నెదర్లాండ్స్‌లో రాజకీయ శరణార్థిగా స్థిరపడ్డాడు. పదమూడేళ్లు సొంత ఊరి మొహం చూడలేదు. తన ప్రవాస కథను పుస్తకంగా రాసి, ఎవరైనా ఉచితంగా చదువుకునేలా 2003లో వెబ్‌లో పెట్టాడు. 2004లో ఇతర ప్రవాస మిత్రులతో కలిసి ‘నవాత్’ అనే వెబ్‌సైటు ప్రారంభించాడు. సహవ్యవస్థాపకుల్లో ఫ్రాన్స్‌లో ఉన్న రియాద్ గెర్ఫాలి న్యాయశాస్త్రం తెలిసిన మనిషి. అలా రాతగాళ్లు, న్యాయం తెలిసినవారు, వెబ్ తెలిసినవారు ఒక చోట చేరారు.

మీ మొదటి సందేహానికి ఇక్కడే జవాబు ఉంది. వీళ్లు చేసిన పనులు చూడండి. 2006లో బెన్ గర్బియా ట్యునీషియా జైళ్ల పటం తయారుచేశాడు. గూగుల్ పటం మీద ఒక్కొక్క జైలు ఎక్కడ ఉందో గుర్తుపెట్టి, అందులో ఏ రాజకీయ ఖైదీ ఉన్నాడో, అతని కుటుంబం ఏం చెబుతోందో వీడియోలతో సహా జతచేశాడు. 2007లో గెర్ఫాలి ఒక వీడియో చేశాడు. ఐరోపాలో విమానాశ్రయాల దగ్గర నిలబడి సరదాగా విమానాల ఫోటోలు తీసే ఔత్సాహికులు ఉంటారు. వాళ్లు వెబ్‌లో పెట్టిన ఫోటోలలో ట్యునీషియా అధ్యక్షుడి విమానం ఎన్ని నగరాల్లో, ఏ తేదీల్లో కనిపించిందో వెతికి తీశాడు. ఆ తేదీలను అధ్యక్షుడి అధికారిక పర్యటనలతో సరిపోల్చాడు. పర్యటనలు కొన్నే, విమాన ప్రయాణాలు చాలా ఎక్కువ. మరి ఎవరు తిరుగుతున్నారు, ఎవరి డబ్బుతో తిరుగుతున్నారు అన్న ప్రశ్న చూసేవారికే వదిలేశాడు. యూట్యూబ్‌ను దేశంలో నిషేధించాక ఖైదీల కుటుంబాల వీడియోలను గూగుల్ ఎర్త్‌లో అధ్యక్ష భవనం చుట్టూ కనిపించేలా అమర్చారు. ఆ భవనాన్ని ఆకాశం నుంచి చూడాలనుకున్న వారందరికీ ఆ సాక్ష్యాలు ఎదురొచ్చేవి.

వీటిలో దేనికీ అసాధారణమైన ప్రోగ్రామింగ్ అవసరం లేదు. ఓపిక కావాలి. తేదీలు పోల్చి చూసే అలవాటు కావాలి. అందరి కళ్ల ముందే ఉన్న సమాచారాన్ని ఒక దగ్గర పేర్చి, దాని అర్థం కనిపించేలా చేయగలగాలి. మంచి విలేకరి చేసే పనే ఇది. కాబట్టి ఆయన ఇంజనీరా కాదా అన్నది మీ పత్రంలో ఒక్క వాక్యానికి మించి దాటనక్కరలేదు.

ఈ రంగంలోకి వచ్చిన ఇతరుల దారులూ ఇంత భిన్నంగానే ఉన్నాయి. చైనా సెన్సార్ ఆదేశాలను సేకరించి ప్రచురించే ‘చైనా డిజిటల్ టైమ్స్’ను 2003లో స్థాపించిన షియావో చియాంగ్ అమెరికాలో భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్న విద్యార్థి. 1989లో తియానన్‌మెన్ చౌక్‌లో కాల్పులు జరిగాక ఆయన జీవితం దారి మారింది. బెన్ గర్బియా తర్వాత పనిచేసిన ‘గ్లోబల్ వాయిసెస్’ అనే ప్రపంచ బ్లాగర్ల వేదికను స్థాపించిన ఇద్దరిలో రెబెక్కా మెకిన్నన్ బీజింగ్‌లో సీఎన్ఎన్ బ్యూరో అధిపతిగా ఉన్న విలేకరి. ఈథన్ జుకర్‌మన్ ఘనాతో అనుబంధం పెంచుకుని, ఆఫ్రికా దేశాలకు సాంకేతిక నిపుణులను పంపే సంస్థ పెట్టిన వ్యక్తి. మన దేశంలో డిజిటల్ హక్కుల కోసం పనిచేసే న్యాయ సేవల సంస్థ ‘ఎస్ఎఫ్ఎల్‌సీ డాట్ ఇన్’ను 2010లో స్థాపించిన మిషీ చౌదరి న్యూయార్క్‌లోనూ ఢిల్లీలోనూ పనిచేసే న్యాయవాది. ఒక్కరిది కూడా మరొకరి దారిలా లేదు.

బయట ఉన్నవాడి ఉపయోగం ఏమిటో విశాఖవాసికి ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద విరుచుకుపడిన రోజులు మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మద్దిలపాలెంలో ఉన్నవారికి గాజువాకలో ఏం జరిగిందో తెలియదు. ఊరి మధ్యలో ఉన్న మనకన్నా హైదరాబాదులో, అమెరికాలో ఉన్న బంధువులకే ఎక్కువ తెలుసు. వాళ్లు టీవీ చూశారు, ఉపగ్రహ చిత్రాలు చూశారు, ఎవరో ఒకరికి ఎక్కడో సిగ్నల్ దొరికి పంపిన రెండు ముక్కలను పదిమందికి చేరవేశారు. ఫలానా వీధిలో ఫలానావారు క్షేమం అన్న జాబితాలు దూరాన కూర్చున్నవారే రాశారు. తుపాను చేసిన పనిని ట్యునీషియాలో ప్రభుత్వం కావాలని ప్రతిరోజూ చేసింది. ఒక ఊరి మాట పక్క ఊరికి చేరకుండా చూడటమే సెన్సార్ అసలు ఉద్దేశం. ఆ తెగిన తీగలను బయటి నుంచి కలపడం నవాత్ చేసిన పని.

అది ఎంత ముఖ్యమో 2010 చివరలో తేలింది. వికీలీక్స్ బయటపెట్టిన అమెరికా దౌత్య పత్రాల్లో ట్యునీషియాకు సంబంధించినవాటిని నవాత్ నవంబరు 28న విడిగా ప్రచురించింది. అధ్యక్షుడు బెన్ అలీ కుటుంబ అవినీతి గురించి అమెరికా రాయబారి ఏమనుకుంటున్నాడో జనం చదివారు. ప్రభుత్వం వెంటనే ఆ పేజీలను అడ్డుకుంది. డిసెంబరు 17న సిది బూజిద్ అనే చిన్న పట్టణంలో మొహమ్మద్ బువజీజీ అనే తోపుడుబండి వ్యాపారి నిప్పంటించుకున్నాడు. నిరసనలు మొదలయ్యాయి. దేశంలోని పత్రికలు, టీవీ వాటిని పట్టించుకోలేదు. విదేశీ విలేకరులను అక్కడికి వెళ్లనివ్వలేదు.

అప్పటికి అక్కడ సుమారు 20 లక్షల మంది ఫేస్‌బుక్ వాడుతున్నారు. 2008 ఆగస్టులో ఒకసారి ఫేస్‌బుక్‌ను నిషేధించి, కొద్ది రోజులకే ఎత్తివేశారు. పెళ్లి ఫోటోలు, ఫుట్‌బాల్ కబుర్లు పంచుకునే చోటును మూసివేస్తే రాజకీయాలతో సంబంధం లేనివాళ్లకు కూడా కోపం వస్తుంది. ఆ కారణంగా తెరిచే ఉంచిన ఫేస్‌బుక్‌లోకే నిరసనల వీడియోలు వచ్చిపడ్డాయి. కానీ ఫోన్లో తీసిన ముక్కలు అవి. ఏ ఊరో, ఏ రోజో తెలియదు. మాట్లాడేది స్థానిక యాస, బయటి టీవీలవాళ్లకు అర్థం కాదు. నవాత్ బృందం ఆ వీడియోలను వెతికి, ఏది ఎక్కడిదో తేల్చి, తేదీలవారీగా పేర్చి, మాటలను అనువదించి, ఫేస్‌బుక్ బయట ఒక పేజీలో పెట్టింది. అల్ జజీరా లాంటి వార్తా సంస్థలు అక్కడి నుంచి తీసుకుని ప్రసారం చేశాయి. ఉపగ్రహ టీవీ ద్వారా అదే దృశ్యం తిరిగి ట్యునీషియా ఇళ్లలోకి చేరింది. సిది బూజిద్‌లో ఏం జరిగిందో రాజధానిలోని గృహిణికి అలా తెలిసింది.

ప్రభుత్వం ఊరుకోలేదు. ఫేస్‌బుక్ లాగిన్ పేజీ వినియోగదారుడికి చేరేలోపు దారిలోనే దొంగ కోడ్ చొప్పించి పాస్‌వర్డులు లాగేసే ఏర్పాటు బయటపడింది. ఒకటే ద్వారం ఉంటే ఇంత పని చేయవచ్చు. ఫేస్‌బుక్ ఆ దేశానికి ఎన్‌క్రిప్ట్ చేసిన, అంటే దారిలో ఎవరూ చదవలేని కనెక్షన్‌ను తప్పనిసరి చేశాక అది ఆగింది. 2011 జనవరి 13 రాత్రి బెన్ అలీ టీవీలో కనిపించి ఇంటర్నెట్ మీద ఆంక్షలు ఎత్తివేస్తానని మాట ఇచ్చాడు. మర్నాడు దేశం విడిచి సౌదీ అరేబియా పారిపోయాడు. ఆ ఏడాదే బెన్ గర్బియా స్వదేశం చేరాడు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇంటర్నెట్టే విప్లవం తెచ్చిందని దయచేసి రాయకండి. వీధుల్లో తూటాలకు ఎదురు నిలిచినవారు వేరు, కార్మిక సంఘాల బలం వేరు. నవాత్ వాళ్లు వారి మాటను మోశారు. మోసినవారి పని గొప్పదే, కానీ అది వారి మాటే.

ఇక మీ రెండో ప్రశ్న. బయట కూర్చుని మాట్లాడటం సులభం కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. తేలికగా కొట్టిపారేయకూడదు. బెన్ గర్బియాను నెదర్లాండ్స్‌లో ఎవరూ అరెస్టు చేయలేదు. కానీ దేశం లోపల ఉన్నవారికి ఏమైందో చూడండి. సిరియాలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసిన బాసెల్ ఖర్తబిల్‌ను 2012 మార్చిలో పట్టుకుపోయారు. 2015లో ఉరితీశారు. ఆ సంగతి ఆయన భార్యకు నిర్ధారణగా తెలిసింది 2017లో. ఈజిప్టుకు చెందిన అలా అబ్ద్ ఎల్-ఫతాహ్ దక్షిణాఫ్రికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, 2011లో విప్లవం మొదలవగానే తిరిగి వెళ్లాడు. ఆ తర్వాతి కాలంలో ఎక్కువ భాగం జైలులోనే గడిపి 2025 సెప్టెంబరులో విడుదలయ్యాడు. దూరంగా ఉన్నవాడు ఎప్పుడూ వీళ్లకు రుణపడి ఉంటాడు. ఆ రుణం తెలిసినవాడా కాదా అన్నదే గీటురాయి.

తెలిసినవాడి పనిలో అది కనిపిస్తుంది. వీడియో తీసినవారి పేరు బయటపెట్టడు. తన పేరు ముందు పెట్టుకోడు. లోపలివాళ్లు అడగని సాహసం వాళ్ల చేత చేయించడు. 2010 మేలో సెన్సార్‌కు వ్యతిరేకంగా రాజధాని ట్యునిస్‌లో ప్రదర్శన చేయాలనుకున్న యువకులు చట్టప్రకారం హోం శాఖకు ముందే సమాచారం ఇవ్వడానికి పూనుకున్నారు. వాళ్లలో స్లిమ్ అమామును ప్రదర్శనకు ముందురోజే పోలీసులు తీసుకుపోయారు. ఎంతవరకు వెళ్లాలో నిర్ణయించుకున్నది వాళ్లే. బయటివాళ్లు ఆ నిర్ణయాన్ని ప్రపంచానికి చెప్పారు. ఈ గీత దాటి, సురక్షితమైన చోట కూర్చుని లోపలివాళ్లను రెచ్చగొట్టేవాళ్లు కూడా ప్రతి దేశపు ప్రవాసుల్లోనూ ఉంటారు. వాళ్ల మీద నాకు గౌరవం లేదు.

ప్రవాసం అన్నివేళలా రక్షణ కూడా కాదు. ఓలా బీని అనే స్వీడన్ ప్రోగ్రామర్ గోప్యతను కాపాడే సాఫ్ట్‌వేర్ రాస్తూ ఈక్వెడార్‌లో ఉండేవాడు. 2019 ఏప్రిల్ 11న, లండన్‌లో వికీలీక్స్ స్థాపకుడు అసాంజ్‌ను ఈక్వెడార్ రాయబార కార్యాలయం నుంచి బయటికి పంపిన రోజే, ఆయనను కీటో విమానాశ్రయంలో అరెస్టు చేశారు. కేసు ఏళ్ల తరబడి సాగింది. ఉంటున్న దేశంలోనే పరాయివాడైనవాడికి అండగా నిలిచేవారు తక్కువ.

మూడో ప్రశ్న, డబ్బు. మీ సహాధ్యాయి అడిగిన ప్రశ్నను బెన్ గర్బియా అందరికన్నా ముందే తనకు తాను వేసుకున్నాడు. మీ పత్రానికి ఇదే గుండెకాయ కావాలని నా సలహా. 2010 జనవరిలో అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ ఇంటర్నెట్ స్వేచ్ఛ తమ విదేశాంగ విధానంలో భాగమని ప్రసంగించారు. ఆ మాట వెంట నిధులు, శిక్షణలు, సమావేశాలు వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరులో బెన్ గర్బియా ఒక సుదీర్ఘ వ్యాసం రాశాడు. అరబ్బు దేశాల్లో బ్లాగర్లు తమంతట తాము కట్టుకున్న ఉద్యమాన్ని ఈ డబ్బు, ఈ ఆదరణ పాడుచేస్తాయని హెచ్చరించాడు. ఒక చేత్తో స్వేచ్ఛ గురించి మాట్లాడుతూ, అదే దేశపు కంపెనీలు నియంతలకు ఫిల్టర్లు అమ్ముతున్నాయని ఎత్తిచూపాడు. స్మార్ట్‌ఫిల్టర్ ఎక్కడిదో పైన చెప్పాను కదా. వాషింగ్టన్‌తో స్నేహంగా ఉన్న ప్రభుత్వాల సెన్సార్ గురించి మౌనం, శత్రు దేశాల సెన్సార్ గురించి గోల, ఈ పక్షపాతాన్ని నిలదీశాడు. శరణార్థిగా పడమటి దేశంలో తలదాచుకుంటూ ఆ మాట అనడం చిన్న విషయం కాదు. ఆయన నేపథ్యంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న ఘట్టం ఇదే.

కాబట్టి మీ తరగతిలో జవాబు ఇలా చెప్పండి. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం పూర్తిగా సబబు. ఎవరినైనా అడగాలి. అయితే ఆ ప్రశ్న వేసి ఊరుకోకుండా, డబ్బు ఇచ్చినవారికి ఇబ్బంది కలిగే మాట ఆ మనిషి ఎప్పుడైనా అన్నాడా అని కూడా వెతకాలి. దొరికితే ఒక రకమైన మనిషి, ఎంత వెతికినా దొరకకపోతే ఇంకో రకం.

విదేశంలో ఉండి స్వదేశంలోని సెన్సార్‌తో తలపడటం తెలుగువారికి కొత్త కాదు. 1908లో బెజవాడ నుంచి వెలువడిన ‘స్వరాజ్య’ పత్రికలో రాసినందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు మూడేళ్లు జైలుకు వెళ్లారు. దేశంలో ఉండి రాస్తే అదీ ఫలితం. ఐదేళ్ల తర్వాత, 1913 నవంబరులో, శాన్‌ఫ్రాన్సిస్కోలోని భారతీయ ప్రవాసులు ‘గదర్’ పత్రిక మొదలుపెట్టారు. బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని దేశంలోకి రానివ్వలేదు, అయినా ప్రతులు దొంగచాటుగా చేరుతూనే వచ్చాయి. అమెరికాలో చదువుకుంటూ ఆ గదర్ పార్టీలో చేరిన తెలుగువాడు దర్శి చెంచయ్య. ఆయన జైలు కూడా అనుభవించారు. సెమినార్‌లో ఈ ఒక్క పోలిక పెడితే ట్యునీషియా మనకు దూరంగా అనిపించదు.

మన ఊరికి ఇంకా దగ్గరి విషయం కూడా రాయవచ్చు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. రోడ్ల మీద పడిపోయిన మనుషుల వీడియోలు గంటల్లో దేశమంతా చూసింది. కొద్దిరోజులకే ఆ దుర్ఘటన మీద ప్రశ్నలు వేసే పోస్టును ఫేస్‌బుక్‌లో పంచుకున్న గుంటూరు పెద్దావిడ మీద రాష్ట్ర సీఐడీ కేసు పెట్టింది. ఆన్‌లైన్ పోస్టుల మీద అరెస్టులకు వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసిందని, ఇక ఆ బెడద తీరిందని చాలామంది అనుకుంటారు. పోస్టుల మీద కేసు పెట్టడానికి శిక్షాస్మృతిలోని పాత సెక్షన్లు ఎప్పుడూ ఉన్నాయి. పైగా అదే తీర్పు 69ఎ సెక్షన్‌ను నిలబెట్టింది. వెంకటాపురం వీడియోల్లో ఎవరి ముఖాలు కనిపించాయి, వాటిని తీసినవారు ఎవరు, వాళ్ల అనుమతి ఎవరైనా అడిగారా అన్న ప్రశ్నలు నవాత్ పనిని చూశాక మీకు తప్పక వస్తాయి.

మీరు స్వయంగా చేయదగిన పని ఒకటి చెబుతాను. మా శిక్షణలో విద్యార్థులకు ఊరూ పేరూ లేని ఒక చిన్న వీడియో ఇచ్చి, ఎక్కడ, ఎప్పుడు తీశారో తేల్చమంటాను. వెనుక కనిపించే కొండ వరుస చూడాలి. డాల్ఫిన్స్ నోస్ ఒక రకంగా ఉంటుంది, కైలాసగిరి ఇంకో రకంగా ఉంటుంది. దుకాణాల బోర్డులు, సిటీ బస్సు మీది నంబరు, నీడ పడిన దిక్కు చూడాలి. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఏ వైపు నుంచి కనిపిస్తోందో చూస్తే కెమెరా ఎక్కడ నిలిచిందో తెలుస్తుంది. తర్వాత ఆ వీడియో పెట్టిన ఖాతా చరిత్ర చూడాలి. మాట్లాడేవారి యాస వినాలి. ఒకే దృశ్యాన్ని ఇంకెవరైనా వేరే కోణంలో తీశారా అని వెతకాలి. నిమిషం వీడియోకు ఒక పూట పడుతుంది. 2010 డిసెంబరులో నవాత్ బృందం ఇదే పనిని రోజుల తరబడి, నిద్ర మానుకుని, తమ వారి ప్రాణాలు ఏమవుతాయోనన్న భయంతో చేసింది. ఒక్కసారి మీ చేతులతో చేసి చూశాక ఆ అధ్యాయం మీరు ఇంకోలా రాస్తారు.

పత్రాన్ని 2011 దగ్గర ఆపకండి. విజయంతో ముగిసే కథగా రాస్తే అది అబద్ధం అవుతుంది. స్లిమ్ అమాము 2011 జనవరిలో మళ్లీ అరెస్టై, విడుదలయ్యాక కొత్త ప్రభుత్వంలో యువజన శాఖ సహాయ మంత్రి అయ్యాడు, నెలల్లోనే రాజీనామా చేశాడు. సెన్సార్‌కు కేంద్రంగా ఉన్న ఇంటర్నెట్ ఏజెన్సీ కొత్త అధిపతి కింద ఫిల్టర్లను పక్కన పెట్టింది. నవాత్ ట్యునిస్‌లో కార్యాలయం తెరిచింది. కొన్నేళ్లు బాగానే సాగింది. 2022 సెప్టెంబరులో అధ్యక్షుడు కైస్ సయీద్ 54వ నంబరు డిక్రీ, అంటే చట్టంలా అమలయ్యే ఉత్తర్వు తెచ్చారు. తప్పుడు వార్తలు వ్యాపింపజేస్తే ఐదేళ్ల వరకు జైలు, బాధితుడు ప్రభుత్వాధికారి అయితే శిక్ష రెట్టింపు. యహ్యావీని జైలుకు పంపిన నేరం పేరు ఏమిటో ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. ఆ డిక్రీ కింద విలేకరులు, న్యాయవాదులు జైలుకు వెళ్లారు. 2025 అక్టోబరు 31న నవాత్ కార్యకలాపాలను నెల రోజులపాటు నిలిపివేయాలని అధికారులు నోటీసు ఇచ్చారు. అదే కాలంలో విదేశీ నిధుల పేరుతో ఇతర పౌర సంస్థల మీద కూడా ఇలాంటి చర్యలే తీసుకున్నారు. దేశం బయట ఉన్నప్పుడు బెన్ అలీ మూయించలేని సైటును, దేశంలోకి వచ్చి చట్టప్రకారం నమోదై నడుస్తున్నప్పుడు ఒక నోటీసుతో ఆపగలిగారు. ప్రవాసం వల్ల దొరికే రక్షణ ఏమిటి, తిరిగి రావడం వల్ల పోయేది ఏమిటి అన్నది మీ పత్రంలో చర్చించదగిన అసలైన ప్రశ్న. దీనికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. వచ్చి ఉండవలసిందే అని మాత్రం నా మనసు చెబుతుంది.

చదవవలసిన వరుస: ముందు యహ్యావీ కేసు, తర్వాత బెన్ గర్బియా 2010 సెప్టెంబరు వ్యాసం, ఆ తర్వాతే 2011 మీద వచ్చిన వార్తా కథనాలు. కథనాలు ముందు చదివితే ఆయన ఒక్కడే అంతా చేసినట్టు అనిపిస్తుంది. నవాత్ సైటులో ఫ్రెంచి, అరబ్బీతోపాటు ఇంగ్లీషు విభాగం కూడా ఉంది. ముసాయిదా పూర్తయ్యాక ఇక్కడే పెట్టండి. సాంకేతిక వివరాలున్న పేరాలు చదివి తప్పులుంటే చెబుతాను.